కడుగని ఫిల్ము

వినోదమునకై ఫిల్ముతో ఛాయాచిత్రములు తీయువారిలో పెక్కురకు కొంతకాలమునకు ఉత్సాహము సన్నగిల్లును. తీయదగిన దృశ్యములు లేక గాదు. మన భట్టిప్రోలులోనే, 1892లో అలెగ్జాండరు రీ దొర ధాతుకరండములను వెలికిదీసిన స్తూపపు దిబ్బ యున్నది. తీయుటకును చూచుటకును నడుమ వ్యవధి పెరిగిపోవుటయే కారణమని నా తలంపు. ఒకప్పుడు చేరువ పట్టణపు స్టూడియోలో కడిగి యిచ్చెడివారు. నేడు దూరము పంపవలెను. ఉదకమండలమున 'ఇందు' ఫిల్మును చేసిన ప్రభుత్వ కర్మాగారమును మూతబడినది. అందుచే ముప్పదియాఱు చిత్రముల చుట్టలో పండ్రెండు తీసి, కెమేరాను బీరువాలో పెట్టుదురు.

నష్టమిచ్చటనే. మీట నొక్కినపుడు ఫిల్ముమీది వెండిలవణపు రేణువులలో కొలదిపాటి వెండి పరమాణువులు మాత్రమే యేర్పడును. కంటికి గానరాని యీ గుప్తబింబమును డెవలపరు పెంచి రూపమిచ్చును. మిగిలిన లవణమును హైపో కరగించివేయును. కడుగక యుంచినచో మన డెల్టా యుక్కకును తేమకును ఆ బింబము క్రమముగా క్షీణించును, ఫిల్ముకు మసక క్రమ్మును. అందు తాతగారి ముఖమున్నచో నదియు మాసిపోవును.

రంగుల ఫిల్మును పనివారికి పంపుటయే మేలు. నలుపు తెలుపు ఫిల్మును ఇంటనే కడుగవచ్చును. వెలుతురు చొరని డబ్బా, ఉష్ణమాపకము, రెండుమూడు ద్రావకములు చాలును; ఫిల్మును డబ్బాలోని కెక్కించునంతవఱకే చీకటి కావలయును. ద్రావకము సాధారణముగా 20 డిగ్రీలుండవలెను గనుక, వేసవిలో దాని పాత్రను మంచునీట నుంచి చల్లార్చవలెను. పిల్లలు పెద్దల తోడులేక వీనిని ముట్టరాదు. చుట్ట సగమే ముగిసినను కడిగింపవచ్చును. స్వయముగా కడుగదలచినవారు, పోయినను చింతలేని చిత్రములతో ముందొక చుట్టను కడిగి చేయి సవరించుకొనవలెను.