మిల్లు కూలీల వైద్యానికి ఖర్చు ఎవరిది?

తెల్లవారకముందే సద్దిగిన్నె పట్టుకుని మిల్లుకో, మందుల ఫ్యాక్టరీకో పోయే కూలీలు లేని ఊళ్లు ఇప్పుడు తక్కువ. నెలాఖరున కూలిలో ఏ పేరుతో ఎంత కోత పడుతోందో వారిలో చాలామందికి తెలియదు. జబ్బు చేస్తే ధర్మాసుపత్రికి పరుగు, కాదంటే అప్పు చేసి నర్సింగ్ హోముకు. ఆ ఖర్చులో పెద్ద వాటా యాజమాన్యానిదేనని చట్టం చెప్పి ఏడు దశాబ్దాలు దాటింది.

ఇ.ఎస్.ఐ.గా అందరికీ తెలిసిన కార్మిక బీమా చట్టం 1948లో వచ్చింది. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా చట్టంలో ఇది కలిసిపోయింది గాని అసలు సూత్రం మారలేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట నెలకు 21 వేల రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది.

2019 జులై నుంచి యాజమాన్యం వాటా జీతంలో 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. నెలకు 12 వేలు తెచ్చుకునే మనిషి పేర మిల్లు 390 రూపాయలు కట్టాలి. అతని కూలిలో కోయవలసింది 90 మాత్రమే. తన 390 కూడా కూలీ నెత్తినే వేసే హక్కు ఏ యజమానికీ లేదు. ప్రతిఫలంగా అతనికీ, భార్యాబిడ్డలకూ, అతనిపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. జబ్బుతో పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం కూలి వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే కోలుకునే వరకు 90 శాతం ఇస్తారు.

అసలు చిక్కు మేస్త్రీ దగ్గర వస్తుంది. “నువ్వు కంపెనీ మనిషివి కాదు, మేస్త్రీ మనిషివి” అంటూ గేటు దగ్గరే తిప్పి పంపడం కూలీలకు కొత్త కాదు. చట్టం ముందు ఈ మాట చెల్లదు. కాంట్రాక్టరు తెచ్చిన కూలీల చందా కూడా ముందుగా అసలు యజమానే కట్టాలి, తరువాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. పేరు ఎక్కించకముందే ప్రమాదం జరిగినా కూలీకి రావలసింది పోదు. కార్పొరేషన్ చెల్లించి, ఆ సొమ్ము యజమాని నుంచి వసూలు చేస్తుంది. జబ్బు భత్యానికి మాత్రం ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలి. హాజరు పుస్తకంలో మేస్త్రీ రోజులు తగ్గించి రాస్తే నష్టపోయేది కూలీయే. పనిచేసిన రోజులు ఇంటి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవడం మంచిది.

పత్తి జిన్నింగ్, చక్కెర వంటి సీజను ఫ్యాక్టరీలను మొదటినుంచీ ఈ పథకం బయటే ఉంచారు. పత్తి దుమ్ము సీజను చూసి ఊపిరితిత్తుల్లోకి పోదు కదా! అక్కడ చేయి తెగినా, ప్రాణం పోయినా యజమానే నేరుగా పరిహారం ఇవ్వాలి. మామూలు జ్వరానికి, దగ్గుకు మాత్రం దిక్కు లేదు. యాజమాన్యం తప్పించుకున్న ప్రతిచోటా ఆ భారం ఇంటి పుస్తెల మీదో, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మీదో పడుతోంది.

చందా కట్టినంత మాత్రాన అంతా సవ్యమనీ కాదు. పెద్ద ఆసుపత్రులు సనత్‌నగర్, నాచారం, విశాఖ, విజయవాడ, తిరుపతి వంటి చోట్లే ఉన్నాయి. పల్లె నుంచి పోయిరావడానికి ఒక రోజు కూలి పోతుంది. తెలంగాణలో ఇ.ఎస్.ఐ. మందుల కొనుగోళ్లలో అక్రమాలపై 2019లో ఏసీబీ అధికారులను అరెస్టు చేసింది. ఆ మందులకు పోసిన డబ్బు కూలీలూ, మిల్లులూ కట్టినదే.

చేరిన ప్రతి కార్మికునికీ పది అంకెల బీమా నంబరు ఇవ్వాలి. నెల దాటినా ఇవ్వకపోతే ఇ.ఎస్.ఐ. బ్రాంచి కార్యాలయంలో కాగితం మీద రాసి ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోవాలి. ఉచిత ఫోను నంబరు 1800-11-2526.