డాక్టరు చీటీలో మన మగ్గపు మాటలు

నాందేడు జిల్లా ఇస్లాపూరును చూడని పాఠకులకు ముందుగా ఒక మాట. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము ఇది హైదరాబాదు రాష్ట్రమున, ఆదిలాబాదు జిల్లా బోథ్ తాలూకాలో ఒక సర్కిలు. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టములో ఈ సర్కిలు పేరు ప్రత్యేకముగా వ్రాసి, కిన్వట్, రాజూరా తాలూకాలతో పాటు బొంబాయి రాష్ట్రమున కలిపిరి. 1960లో అది మహారాష్ట్రమైనది. గీత కదలినది గాని ఇండ్లు కదలలేదు. నేటికిని మనవారి ఇండ్లలో తెలుగు, బజారులో మరాఠీ. నూలు బేరమునకు చాలిన మరాఠీ ఆసుపత్రిలో చాలదని మాకు తెలిసివచ్చిన సంగతి ఇక్కడ వ్రాయుచున్నాము.

మాకు వరుసకు అత్తమ్మ అగు ఒకామె అక్కడ ఉన్నది. ఆమెకు మెడ ఎడమ ప్రక్కన, కంటె ఎముకకు పైగా, రేగిపండంత బిళ్ళ కట్టినది. నొప్పి లేదు. కుమారుడు పట్టణమునకు తీసికొనిపోయి చూపించెను. అక్కడి డాక్టరు తడిమి చూచి, మరాఠీలో “గాఠ్ ఆహే” అని, పరీక్షకు చీటీ వ్రాసి ఇచ్చెను. గాఠ్ అనగా ముడి అని మనవారందరికి తెలిసినదే. ఇంటికి వచ్చి కుమారుడు తల్లితో అన్నమాట ఇది: “అమ్మా, నరం ముడి పడ్డదట. నూనె పెట్టి మాలీసు చేపిస్తే ఇడుస్తది.” చీటీ దేవుని గూటిలో చేరినది. మాలీసు నాలుగు నెలలు జరిగినది. ఇరుగుపొరుగువారు కూడ ధైర్యము చెప్పిరి: “పుండు లేదు, నొప్పి లేదు. రాచపుండైతే ఇట్లుంటదా?”

ఈ కథలో డాక్టరు అబద్ధమాడలేదు, కుమారుడును తప్పు వినలేదు. మాటకు రెండు అర్థములుండుటయే వచ్చిన చిక్కు. మరాఠీలో పడుగున పడిన ముడియు గాఠే, ఒంటిలో లేచిన గడ్డయు గాఠే. విచిత్రమేమనగా, ఇంగ్లీషు డాక్టర్లు వాడు “నోడ్” అను మాటకు మూలమైన లాటిన్ పదమునకు కూడ ముడి అనియే అర్థము. వైద్యశాస్త్రము తన మాటలను మగ్గముల వద్ద ఎన్ని తెచ్చుకొన్నదో మనవారికి తెలియదు. ఇంగ్లీషులో కణజాలమునకు వాడు “టిష్యూ” అను పేరు నేసినది అను అర్థముగల ఫ్రెంచి మాట. ముక్క పరీక్ష కాగితము పైన ఉండు “హిస్టోపాథాలజీ”లో మొదటి ముక్క గ్రీకు “హిస్టోస్”. దానికి మగ్గము అనియు, నేత అనియు అర్థము. సూక్ష్మదర్శిని క్రింద ముక్కను చూచు డాక్టరు చేయుపని, బట్టను వెలుతురునకు ఎత్తి పట్టి పడుగు పేకలను చూచు మన పెద్దల పని వంటిదే.

ఆ ముడి ఏమిటో ఇక చూతము. గుండె నుండి పోవు రక్తములోని నీరు కొంత సన్నని నాళముల గుండా ఊరి కణజాలములోనికి చేరును. చాలవరకు తిరిగి రక్తములో కలియును. మిగిలినది, దినమునకు రెండు మూడు లీటర్లు, వేరొక గొట్టముల దారిని మెడ మొదట ఉన్న పెద్ద సిరలను చేరును. ఈ నీటికి లింఫు అని పేరు. లాటిన్‌లో తేటనీరని అర్థము. మన పాఠ్యపుస్తకములు శోషరసమనియు, మరాఠీ పుస్తకములు లసీకా అనియు వ్రాయును. ఈ దారిని పురుగులు చెరుపగా నీరు కాలిలో నిలిచిపోయిన జబ్బే బోదకాలు.

ఈ దారి పొడవునను, ముఖ్యముగా మెడ, చంక, గజ్జలలో, సుమారు ఆరు వందల శోషగ్రంథులు ఉండును. ముడి ఉన్న పోగు అచ్చు దగ్గర ఆగునట్లు, లింఫులో కొట్టుకొని వచ్చు క్రిములు ఇక్కడ ఆగును. తెల్లకణములు వాటితో ఇక్కడనే పోరాడును. కాలికి ముల్లు గ్రుచ్చి చీము పట్టినచో గజ్జలో బిళ్ళ కట్టునని మన అవ్వలు చెప్పుట ఇందువలననే. ఆ బిళ్ళ నొప్పిపెట్టును, పుండు మానగా కరగును. అట్టిదానికి భయపడనక్కరలేదు. రెండు మూడు వారములైనను కరగక, నొప్పి లేక, గట్టిగా పెరుగు బిళ్ళను మాత్రము డాక్టరుకు చూపవలెను. కంటె ఎముకకు పైగా లేచిన దానిని అంత కాలము కూడ ఆపరాదు. పొట్టలో, రొమ్ములో పుట్టిన జబ్బు అక్కడ తేలుట కలదు.

ఈ పోరాడు శక్తినే రోగనిరోధకశక్తి అందురు. ఇంగ్లీషు “ఇమ్యూన్”కు మూలమైన రోమనుల మాటకు పన్ను, ఊడిగము లేకుండ మినహాయింపు పొందినవాడని అర్థము. కుంపిణీ నాడు మద్రాసు ప్రాంతమున మగ్గమునకు మొహతర్ఫా కట్టినవారి సంతతికి ఈ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

రాచపుండు అను పేరు మాకు మొదటినుండి నచ్చదు. పుండు పడినగాని ఆ జబ్బు కాదని జనులను నమ్మించునది ఆ పేరే. కాన్సరు అనగా లాటిన్‌లో ఎండ్రకాయ. గ్రీకు వైద్యులును ఆ పేరే పెట్టిరి. మరాఠీవారి కర్కరోగ్ దాని తర్జుమాయే. ఇస్లాపూరు వారికి ఆసుపత్రి కాగితముపై ఈ మాట కనిపించినచో, అది రాశిఫలము కాదని తెలియవలెను.

పేర్ల చివరలను చూచుట కూడ అలవాటు చేసికొనవలెను. “ఐటిస్” అని ముగిసిన వాపు. లింఫడినైటిస్ అనగా గ్రంథి వాచినదని. “పతి” అని ముగిసినచో ఏదో తేడా ఉన్నదనియే గాని ఏమిటో ఇంకను తేలలేదు. లింఫడినోపతి అను మాట చదివి ఏడ్చిన ఇండ్లను మేమెరుగుదుము. “ఓమా” అనగా కంతి. అన్ని ఓమాలును చెడ్డవి కావు. లైపోమా కొవ్వుగడ్డ మాత్రమే. లింఫోమా మాత్రము శోషగ్రంథుల కాన్సరు. లుకేమియా అనగా తెల్ల రక్తము, రక్తకణముల కాన్సరు. మెటాస్టాసిస్ అనగా జబ్బు పుట్టిన చోటు విడిచి వేరొక చోట కాపురము పెట్టుట. షోలాపూరు, భివండీలకు పోయిన మన వలసల వలె ఇదియు దారి వెంటనే పోవును, ఆ దారులలో లింఫు ఒకటి. తంబాకు నమలువారికి నోటిలో లేచిన కాన్సరు మెడ బిళ్ళలకు దిగుట అందుచేతనే. అప్పుడు కాగితముపై “నోడ్ పాజిటివ్” అని వ్రాయుదురు. పాజిటివ్ అనగా మంచిదని సంతోషపడి మిఠాయి పంచినవారు కూడ కలరు. ఇక్కడ దాని అర్థము జబ్బు కనిపించినదని. నెగటివ్ అన్నదియే మంచి కబురు.

ముక్క తీసినచో జబ్బు ఒళ్ళంతా పాకునని మనలో గట్టి భయము కలదు. ఈ భయముతో పరీక్ష మానుకొనుటవలన జరుగు నష్టమే పెద్దది. ముక్కను చూడనిదే ఏ జబ్బో, ఏ మందో తేలదు.

మా అత్తమ్మ సంగతి చెప్పవలెను. అయిదవ నెలలో ఆమె హైదరాబాదు చేరినది. ముక్క తీసి చూడగా లింఫోమా అని తేలినది. జబ్బు అప్పటికే చంకలకు, పొట్టలోని గ్రంథులకు ప్రాకినది. ముందే వచ్చియున్నచో ఎంత తేడా ఉండెడిదని మేమడుగగా డాక్టరు సూటిగా చెప్పలేదు. ఆరు విడతల మందు ఎక్కించిరి. వెంట్రుకలు రాలినవి, మరల వచ్చినవి. ఆ వార్డులోనే మరియొక రోగి చీటీపై మెథోట్రెక్సేట్ అను పేరు చూచితిమి. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనశాల నుండి వచ్చిన మందు అది. దానికి ముందు అక్కడనే తయారైన అమినోప్టెరిన్‌తో 1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్, లుకేమియా పిల్లలకు కొంతకాలమైనను జబ్బు తగ్గించవచ్చునని చూపెను. సుబ్బారావు గారు ఆ సంవత్సరమే చనిపోయిరి.

ఇప్పుడు అత్తమ్మ పూటకు కొన్ని కండెలు చుట్టుచున్నది. గుంట మగ్గములోనికి దిగనీయక కోడలు కాపలా ఉండును. కుమారుడు ఒక నోటుపుస్తకము కొని, డాక్టరు పలికిన ప్రతి మాటను మరాఠీలోను తెలుగులోను ఎదురెదురుగా వ్రాయించుకొనుచున్నాడు. మొదటి పుటలో మొదటి మాట గాఠ్. దాని ఎదుట ముడి అని వ్రాసి, కొట్టివేసి, బిళ్ళ అని వ్రాసినాడు.