చెవిలో కథ, రోడ్డు మీద పరుగు

ఓపీకి వచ్చే షుగర్ పేషెంట్లకు మేము ముందుగా చెప్పేది "రోజూ నడవండి" అనే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక గానీ, 75 నిమిషాల పరుగు గానీ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వారం తిరగకముందే "బోర్ కొడుతోంది సిస్టర్" అంటారు. నిజం చెప్పాలంటే మాకూ కొట్టింది. అందుకే డ్యూటీకి ముందు సెల్‌ఫోన్‌లో ఏదైనా వింటూ పరుగెత్తడం మొదలుపెట్టాము.

మొదట వార్తలు పెట్టుకున్నాము. ఇల్లు చేరేసరికి మనసు బరువెక్కేది. తర్వాత హర్షణీయం పాడ్‌కాస్ట్ దొరికింది. అందులో తెలుగు కథలు, రచయితలతో ముచ్చట్లు ఉంటాయి. కిరణ్ ప్రభ గారైతే ప్రసిద్ధుల జీవితాలను భాగాలు భాగాలుగా చెబుతారు. మిగతా కథ కోసమే మరునాడు పొద్దున్నే లేచిన రోజులున్నాయి! స్మార్ట్‌ఫోన్ లేని పెద్దలకు ఆకాశవాణి ఉండనే ఉంది.

అయితే ఒక భయం. వేల్పూర్‌లో పసుపు సీజన్ వచ్చిందంటే తెల్లవారకముందే ట్రాక్టర్లు కదులుతాయి. ఒకసారి మాలో ఒకరి వెనుక ట్రాక్టర్ హారన్ కొడుతూనే ఉంది. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు, కథేమో మంచి పట్టులో ఉంది. డ్రైవర్ బ్రేకు వేయబట్టి సరిపోయింది.

అప్పటినుండి రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనబడేలా పరుగెత్తుతున్నాము. ఇయర్‌ఫోన్ కుడి చెవికే, రోడ్డు వైపున్న ఎడమ చెవి ఖాళీ. శబ్దం అరవై శాతం దాటనివ్వము. షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరు గారిని అడిగాకే పరుగు మొదలుపెట్టండి. ఛాతీలో బరువుగా అనిపిస్తే కథ ఎక్కడున్నా సరే, వెంటనే ఆగి ఆసుపత్రికి రండి.