తీరం లేని ప్రాంతపు బియ్యానికి కాకినాడ రేవు – సదుపాయాలు, ఎగుమతి విధానం

బోనకల్ (ఖమ్మం జిల్లా): తెలంగాణ రాష్ట్రానికి సముద్రతీరం లేదు. ఇక్కడి బియ్యం ఓడలో విదేశాలకు తరలాలంటే పొరుగు రాష్ట్రాల రేవులే ఆధారం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని బోనకల్, మధిర వంటి వరి ప్రాంతాలకు ఈ విషయమై అవగాహన అవసరం. బోనకల్ కాజీపేట–విజయవాడ రైలుమార్గంపై ఉన్నది. ఇక్కడి నుండి విజయవాడ, రాజమండ్రి, సామర్లకోట మీదుగా కాకినాడకు రైలు అనుసంధానం కలదు.

2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్ దేశానికి తొలి విడతగా 12,500 టన్నుల బియ్యాన్ని కాకినాడ రేవు నుండే పంపినది. అవి ఎం.టి.యు. 1010 రకం బియ్యం. రైతులు ఈ వంగడాన్ని కాటన్ దొర సన్నాలుగా ఎరుగుదురు.

రెండు విధాల సదుపాయాలు

కాకినాడలో లంగరు రేవు, డీప్ వాటర్ పోర్టు వేర్వేరుగా పనిచేస్తాయి. లంగరు రేవులో పెద్ద ఓడలు తీరానికి దూరంగా సముద్రంలోనే నిలుస్తాయి. బస్తాలను తీరంలో బార్జీలకు ఎక్కించి, ఓడ వద్దకు చేర్చి, క్రేన్ల ద్వారా ఓడ అరలలోనికి దించుతారు. హోప్ ఐలాండ్ అలల తాకిడిని అడ్డుకొనుట ఈ రేవుకు సహజ రక్షణ. 1997లో ప్రారంభమైన డీప్ వాటర్ పోర్టులో ఓడ నేరుగా బెర్తుకు చేరుతుంది గనుక బార్జీల అవసరం ఉండదు.

జాప్యం – దాని భారం

బియ్యం తడిస్తే చెడిపోవును. అందుచే వర్షం కురిసినప్పుడు ఓడ అరలు మూసివేసి పని నిలుపుదల చేస్తారు. ఒప్పందంలో నిర్ణయించిన గడువు దాటి ఓడ నిలిచిపోయినచో ఓడ యజమానికి డెమరేజి చెల్లించవలసి వస్తుంది. ఈ ఖర్చు ఎగుమతిదారుతో ఆగదు. మిల్లుకు, చివరకు రైతుకు దక్కే ధరపైనా దాని ప్రభావం పడుతుంది. లంగరు రేవులో రద్దీ పెరిగి ఓడలు వారాల తరబడి వేచి ఉన్నందున, 2021 ఫిబ్రవరిలో డీప్ వాటర్ పోర్టు నుండి కూడా బియ్యం ఎగుమతి ప్రారంభించారు.

ముందుగా సరిచూసుకోవలసినవి

సరుకు బయలుదేరుటకు పూర్వమే గిడ్డంగి స్థలం, ఓడ రాక తేదీ నిర్ధారించుకొనుట మేలు. పురుగు నివారణ ధూమీకరణ, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ షిప్పింగ్ బిల్లు ముఖ్యమైనవి. కేంద్ర ప్రభుత్వ ఎగుమతి ఉత్తర్వులను కూడా గమనించవలెను. బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం 2023 జూలైలో నిషేధించి, 2024 సెప్టెంబరులో తిరిగి అనుమతించినది.

2023 మే నెలలో పనులు ప్రారంభమైన మచిలీపట్నం రేవు వినియోగంలోనికి వచ్చినచో, విజయవాడ మీదుగా వెళ్లే ఖమ్మం జిల్లా సరుకుకు కాకినాడ కన్నా దగ్గరి మార్గం లభిస్తుంది. అయితే దూరం తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గదు. బెర్తు, గిడ్డంగి, రైలు సదుపాయం ఒకేచోట సకాలంలో సమకూరినప్పుడే ఆ ప్రయోజనం రైతు వరకు చేరగలదు.