షడ్రుచులును ఏడవ వరుసయు

ఉగాదిపచ్చడిలో నాఱు రుచులుండునని మన నాయుడుపేట బాలురందఱు నెఱుఁగుదురు. ఆ యాఱింటిలో నొక్కొక్కటి, రెండేసి, మూఁడేసి చొప్పునఁ గైకొన్నచో నెన్ని విధములగును? ఈ ప్రశ్నను 9వ శతాబ్దమున, అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమున నడిగియున్నాఁడు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిఁగించెను గావున నీ గణితము మన భాషకుఁ గ్రొత్తది గాదు.

రెండేసికి 6, 5 ల లబ్ధమును 1, 2 ల లబ్ధముచే భాగింపఁగా 15. మూఁడేసికి 6, 5, 4 ల లబ్ధమును 1, 2, 3 ల లబ్ధముచే భాగింపఁగా 20. ఇట్లు 6, 15, 20, 15, 6, 1, వెరసి 63. ఏ రుచియు లేనిదానికి మొదట 1 చేర్చిన, శిఖరమందలి యొంటి 1 ని విడిచి లెక్కింప, మేరుప్రస్తారమున నాఱవ వరుస యగును.

ఇఁక నేడవ వరుస: 1, 7, 21, 35, 35, 21, 7, 1. కొనలయందలి యొకట్లు దప్పఁ దక్కినవన్నియు 7 చే నిశ్శేషముగా భాగింపఁబడును. ఆఱవ వరుసలో నిట్లు గాదు. 15 ను 6 చే భాగింప 3 శేషించును. మూఁడవ, ఐదవ, ఏడవ వరుసలను జూచి “బేసిసంఖ్యయైనఁ జాలును” అని తొందరపడు విద్యార్థులు గలరు. వారు తొమ్మిదవ వరుసలోని 84 ను 9 చే భాగించి చూతురు గాక! మూఁడు ఉదాహరణములు సరిపోయినంతమాత్రమున సూత్రము సిద్ధింపదు, కారణము గావలయును.

కారణమిది. 35 అనఁగా 7×6×5 ను 1×2×3 చే భాగించిన ఫలము. లవమున 7 ఉన్నది. ఏడుకంటెఁ జిన్న సంఖ్యల నెన్నింటిని హెచ్చించినను ఆ లబ్ధము 7 చే భాగింపఁబడదు. 7 ప్రధానసంఖ్య యగుటయే యిందులకు హేతువు. కాఁబట్టి హారము ఆ యేడును గొట్టివేయఁజాలదు. 84 అన్ననో, 9×8×7 ను 1×2×3 చే భాగించిన ఫలము. హారములోని 3 తొమ్మిదిలోని యొక మూఁటిని హరించును. ప్రధానసంఖ్య గాని ప్రతి వరుసయందును ఇట్టి లోటు ఎక్కడనో యొకచోటఁ దప్పదు.

పెద్ద వరుసలలో శేషమెంత? 1878లో లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుఁడు చక్కని యుపాయము చెప్పెను. పదింటిలో మూఁటిని గైకొను విధములు 120. 10 అనఁగా ఒక యేడు, మూఁడు విడి. 3 అనఁగా సున్న యేడులు, మూఁడు విడి. ఒకటిలో సున్న, మూఁటిలో మూఁడు: ఒక్కొక్కటికి విధము 1, లబ్ధము 1. 120 ని 7 చే భాగింపుఁడు, శేషము 1.

2002లో కాన్పూరు ఐ.ఐ.టి.యందు మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అనువారు ఈ వరుసల లక్షణమునే యాధారముగాఁ గొని, ప్రధానసంఖ్యలను నిస్సందేహముగాను శీఘ్రముగాను గుర్తించు విధానమును గనిపెట్టిరి. పలక తీసికొని పదునొకండవ వరుసను మీరే వ్రాసి చూడుఁడు.