తీపి కబురు... ఆ రెండు గంటల పరీక్ష!

'మా ఇంటావంటా షుగర్ లేదు. నాకెందుకు ఆ పరీక్ష?'

బాచుపల్లి అపార్ట్‌మెంట్లలో ఆరో నెల గర్భిణుల నోట తరచూ వినిపించే మాట ఇది. పొద్దున్నే మియాపూర్ మీదుగా హైటెక్ సిటీకి ప్రయాణం. రోజంతా కంప్యూటర్ ముందు కుర్చీలో. ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి రాత్రి. అప్పటికే ఊరి నుంచి వచ్చిన అమ్మో అత్తయ్యో ఇంకో రెండు గరిటెలు వడ్డించి, 'ఇద్దరికి సరిపడా తినాలమ్మా' అంటారు. శ్రీమంతం నాటి మిఠాయిలు, పుట్టింటివాళ్లు పెట్టే చలిమిడి సరేసరి. ఆ ప్రేమను కాదనలేం. కానీ ఒంట్లో చక్కెర అదుపులో ఉందో లేదో ముఖం చూసి చెప్పలేం. గర్భిణుల్లో వచ్చే మధుమేహానికి చాలాసార్లు లక్షణాలే ఉండవు మరి!

అసలెందుకొస్తుందంటే... నెలలు నిండేకొద్దీ మాయ నుంచి విడుదలయ్యే హార్మోన్లు తల్లి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. అందరిలోనూ జరిగేదే ఇది. చాలామందిలో క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. సర్దుకోలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. దాంతో బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఫలితంగా భుజాల దగ్గరా పొట్ట దగ్గరా కొవ్వు చేరుతుంది. కాన్పులో తల బయటికొచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం అందుకే. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంటుంది. పుట్టిన కొన్ని గంటల్లో పసివాళ్లకు చక్కెర పడిపోవడానికి కారణమదే. తల్లికేమో బీపీ పెరిగే ముప్పు, సిజేరియన్ అవసరం ఎక్కువ. షుగర్‌ను అసలు పట్టించుకోకపోతే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదమూ ఉంది.

'బిడ్డ బొద్దుగా ఉంటే మంచిదేగా' అనుకునేవాళ్లకు ఓ మాట. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం మన శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చి చూసింది. అక్కడి సగటు బరువు మూడున్నర కిలోలైతే మనవాళ్లది 2.7. తేలికైన ఆ ఒంట్లోనూ కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. అంటే తూకం ఒక్కదాన్నే చూసి నిశ్చింతగా ఉండలేం.

పరగడుపున అక్కర్లేదు!

మన దేశంలో ఈ పరీక్షను తేలిక చేసింది చెన్నైకి చెందిన డాక్టర్ వి.శేషయ్య. ఆయన పుట్టినరోజైన మార్చి 10నే గర్భిణుల మధుమేహ అవగాహన దినంగా జరుపుతారు. భోజనం చేసి ఎంతసేపైందన్న దానితో పనిలేదు. 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి అయిదు నుంచి పది నిమిషాల్లో తాగాలి. రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర 140 లేదా అంతకు మించి ఉంటే మధుమేహమే. అర గంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయాలి. మొదటిసారి డాక్టర్‌ను కలిసినప్పుడొకసారి, 24-28 వారాల మధ్య మరోసారి చేయాలన్నది కేంద్ర ఆరోగ్యశాఖ సూచన. మొదటిసారి బాగుందని రెండోది మానేయడమే చాలామంది చేసే పొరపాటు. సమస్య సాధారణంగా బయటపడేదే ఆరో నెలలో కదా!

ఇక్కడో తికమక ఉంది. కొన్ని ఆసుపత్రుల్లో పరగడుపున రమ్మని మూడుసార్లు రక్తం తీస్తారు. పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153... వీటిలో ఏ ఒక్కటి చేరినా మధుమేహమంటారు. ఒకే గర్భిణికి ఒకచోట 'ఉంది' అని, ఇంకోచోట 'లేదు' అని రావచ్చు. లెక్క తప్పని కాదు. తొమ్మిది దేశాల్లో 23 వేలమందికి పైగా గర్భిణులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, చక్కెర పెరిగేకొద్దీ ముప్పూ మెల్లగా పెరుగుతూ పోయింది. ఫలానా అంకె దగ్గరే ప్రమాదం మొదలవుతుందన్న గీత కనపడలేదు. గీత గీసింది మనుషులే. అందుకే అంకె కాస్త అటూ ఇటూ ఉంటే ల్యాబుల చుట్టూ తిరగడం కన్నా డాక్టర్‌తో మాట్లాడుకోవడం మేలు.

తేలిందనుకోండి, కంగారు పడక్కర్లేదు. ఆస్ట్రేలియాలోనూ బ్రిటన్‌లోనూ వెయ్యిమంది గర్భిణులపై చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. చికిత్స తీసుకోనివారి బిడ్డల్లో తీవ్ర సమస్యలు నాలుగు శాతం. తీసుకున్నవారిలో ఒక్క శాతమే. ముందు రెండు వారాలు ఆహారం మార్చి చూస్తారు. అన్నం పూర్తిగా మానమనరు. పళ్లెంలో అన్నం తగ్గించి పప్పు, కూరగాయలు, గుడ్డు పెంచమంటారు. మూడు పూటల తిండిని అయిదారుసార్లుగా విడగొట్టుకోవాలి. భోజనం తర్వాత నడక. తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలన్నది లక్ష్యం. అప్పటికీ దిగకపోతే మందులో ఇన్సులినో. 'సూదులు బిడ్డకు మంచివి కావేమో' అని పెద్దవాళ్లు భయపడతారుగానీ, ఇన్సులిన్ మాయను దాటదు.

ముహూర్తం సంగతి కూడా చెప్పుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలోనే ఎక్కువ. మంచిరోజుందని వారం, పదిరోజులు ముందే కోయించేవాళ్లూ ఉన్నారు. షుగర్ అదుపులో లేని తల్లుల బిడ్డలకు ఊపిరితిత్తులు కాస్త ఆలస్యంగా పక్వమవుతాయి. వాళ్ల విషయంలో పంచాంగం తొందర అసలు పనికిరాదు. ఆహారంతోనే చక్కెర అదుపులో ఉండి, వేరే ఇబ్బందేమీ లేకపోతే నెలలు నిండేదాకా ఆగొచ్చు.

పుట్టగానే గంటలోపు తల్లిపాలు పట్టించాలి. మడమ నుంచి చుక్క రక్తం తీసి బిడ్డ చక్కెర చూస్తారు. మరి తల్లి సంగతి? కాన్పయ్యాక ఆమె చక్కెర మామూలుకొచ్చేస్తుంది. ఇంట్లో అందరూ మర్చిపోతారు. కానీ ఇలా షుగర్ వచ్చిన తల్లులకు ముందుముందు మధుమేహం వచ్చే ముప్పు ఏడురెట్లు ఎక్కువని 2009లో అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. అందుకే ఆరువారాలకు మళ్లీ అదే గ్లూకోజు పరీక్ష... ఈసారి పరగడుపున. సరిగ్గా అప్పుడే బిడ్డకు టీకాలు వేయించాలి. ఆస్పత్రికి ఎలాగూ వెళ్తారు కాబట్టి, ఆరోజు టిఫిన్ తినకుండా బయల్దేరితే రెండు పనులూ అయిపోతాయి.