స్టెంట్ వేసుకున్నారు, షుగర్ ఉంది: ఇంటికొచ్చాక ఏం జరుగుతుంది?

ఆరోగ్యశ్రీ కింద గుండెకు స్టెంట్ వేయించుకుని, షుగర్ కూడా ఉన్నవాళ్ల కోసం ఈ పీడీఎఫ్. ఇంట్లో చదువు రానివాళ్లుంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి.

ముందు మా ఇంటి సంగతి. మా చిన్నాయన అబిడ్స్‌లో బట్టల దుకాణంలో ఇరవై ఏళ్లకు పైగా కౌంటర్ మీద పనిచేశారు. పన్నెండేళ్లుగా షుగర్. గుండెపోటు వచ్చి స్టెంట్ పడింది. మూడో రోజుకు లేచి నడిచారు. "స్టెంట్ ఏసిన్రు గద బిడ్డా, ఇగ నాకేం గాదు" అన్నారు. నాలుగో నెలలో పన్ను నొప్పి వచ్చింది. పన్ను పీకితే రక్తం ఆగదని ఎవరో చెప్పారట, రక్తం పలుచన చేసే గోలీలు రెండూ తనే బంద్ చేసుకున్నారు. గుండె డాక్టర్‌ని అడగలేదు. ఎనిమిదో రోజు రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఛాతీలో నొప్పి లేదు. షుగర్ పడిపోయిందనుకుని చక్కెర నీళ్లు తాగించారు. తెల్లవారేసరికి ఊపిరాడలేదు. స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టింది. బతికారు గానీ గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. ఇప్పుడు మొదటి అంతస్తు ఎక్కాలంటే మధ్యలో కూర్చోవాలి.

ఇందులో తప్పు ఆయన ఒక్కడిదే అని నేననను. గోలీలు ఎందుకు మానకూడదో ఆయనకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. ఇంట్లో జర్నలిజం చదివిన నేనున్నాను, నేనూ చెప్పలేదు.

స్టెంట్ ఏం చేస్తుంది, ఏం చేయదు

స్టెంట్ అంటే సన్నని లోహపు జాలీ గొట్టం. గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకుని మూసుకుపోయిన చోట బెలూన్‌తో తెరిచి, మళ్లీ మూసుకోకుండా దీన్ని అక్కడ ఉంచుతారు. దీనితో మన ఊరికి పాత చుట్టరికం ఉంది. గుండె డాక్టర్ బి. సోమరాజు, ఏపీజే అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చుతో చేయించిన స్టెంట్‌కు కలాం-రాజు స్టెంట్ అని పేరొచ్చింది. ఆ సోమరాజు గారే 1997లో నాంపల్లిలో కేర్ ఆస్పత్రి మొదలుపెట్టారు. ఇప్పుడు ఎక్కువగా వేసేవి మందు పూత ఉన్న స్టెంట్లు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం వీటి ధరకు రూ.29,600 దగ్గర పరిమితి పెట్టింది. అంతకుముందు లక్ష దాటి వసూలు చేసిన రోజులున్నాయి.

స్టెంట్ తెరిచేది ఒక్క చోటే. అబిడ్స్ చౌరస్తాలో ట్రాఫిక్ క్లియర్ చేసినంత మాత్రాన మొజంజాహీ మార్కెట్ దగ్గర జామ్ పోదు కదా. షుగర్ ఉన్నవాళ్లలో కొవ్వు ఒక్క చోట కాదు, నాళం పొడవునా పేరుకుంటుంది. నాళాలు కూడా సన్నగా ఉంటాయి. అందుకే ఇవాళ స్టెంట్ వేసిన చోట బాగానే ఉన్నా, రెండేళ్లకు ఇంకోచోట బ్లాక్ రావచ్చు.

రెండో ఇబ్బంది స్టెంట్ లోపలే వస్తుంది. నాళం గోడకు తగిలిన గాయం మానేటప్పుడు కొత్త కండ పెరుగుతుంది. చేతి మీద కోసుకున్న చోట మచ్చ ఉబ్బినట్టన్నమాట. షుగర్ ఎక్కువగా ఉన్న ఒంట్లో ఈ కండ అవసరానికి మించి పెరిగి జాలీ లోపలికి వస్తుంది. నెలల్లో నాళం మళ్లీ ఇరుకవుతుంది, నడిస్తే ఆయాసం, ఛాతీలో బరువు తిరిగొస్తాయి. స్టెంట్ మీది మందు పూత ఈ కండను అదుపు చేయడానికే. పూత వచ్చాక ఈ సమస్య చాలా తగ్గింది, కానీ షుగర్ లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లలో ఇప్పటికీ ఎక్కువే.

మూడోది మా చిన్నాయనకు జరిగినది, అన్నింటికన్నా ప్రమాదం. రక్తంలో గడ్డకట్టించే కణాలు ఉంటాయి, ప్లేట్‌లెట్లు. షుగర్ ఉన్నవాళ్లలో ఇవి తొందరగా అతుక్కుంటాయి. కొత్త స్టెంట్ ఒంటికి పరాయి వస్తువు. దాని మీద పల్చని పొర పూర్తిగా కప్పేదాకా గడ్డకట్టే అవకాశం ఉంటుంది. కట్టిందంటే ఉన్నట్టుండి నాళం పూర్తిగా మూసుకుపోతుంది. ఇది నెమ్మదిగా వచ్చేది కాదు, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

రెండు గోలీల లెక్క

అందుకే డిశ్చార్జ్ చీటీలో ఆస్పిరిన్‌తో పాటు ఇంకొకటి, క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ రాస్తారు. గుండెపోటు వచ్చి స్టెంట్ పడితే రెండూ కలిపి సాధారణంగా ఏడాది. పోటు రాకుండా ముందే వేయించుకుంటే ఆరు నెలలు. మీకు ఎన్నాళ్లన్నది మీ డాక్టర్ నిర్ణయం, ఎందుకంటే కడుపులో పుండు, పాత రక్తస్రావం లాంటివి ఉంటే లెక్క మారుతుంది. ఆ గడువు అయ్యాక ఒకటి ఆపుతారు, మరొకటి మామూలుగా జీవితాంతం ఉంటుంది. కొలెస్ట్రాల్ గోలీ కూడా అంతే. రిపోర్ట్ మంచిగొచ్చిందని కొలెస్ట్రాల్ గోలీ మానేసేవాళ్లను చాలామందిని చూశాను. రిపోర్ట్ మంచిగొచ్చింది ఆ గోలీ వల్లనే.

పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అయినా, మరే చిన్న కోత అయినా "నాకు ఫలానా తేదీన స్టెంట్ పడింది, ఈ గోలీలు వాడుతున్నా" అని ముందు చెప్పండి. పన్ను పీకడం లాంటి చాలా పనులు గోలీలు ఆపకుండానే చేయొచ్చు. ఆపాల్సి వస్తే ఆ మాట గుండె డాక్టర్ నోట రావాలి. మెడికల్ షాపు అతను చెప్పినా, బంధువు చెప్పినా ఆపొద్దు.

స్టెంటా, బైపాసా?

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. ఇంకా ఏ చికిత్సా జరగని వాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు బాగా పనికొస్తుంది.

షుగర్ ఉండి, రెండు మూడు నాళాల్లో బ్లాకులున్న 1,900 మందిని తీసుకుని, సగం మందికి మందు పూత స్టెంట్లు, సగం మందికి బైపాస్ చేసి ఐదేళ్లు చూశారు. ఫ్రీడమ్ అనే ఈ అధ్యయనం 2012లో అచ్చయింది. స్టెంట్లు వేసిన ప్రతి 100 మందిలో దాదాపు 27 మందికి ఐదేళ్లలో మరణమో, గుండెపోటో, పక్షవాతమో వచ్చింది. బైపాస్ చేసినవాళ్లలో దాదాపు 19 మందికి. మరణాలు మాత్రమే చూస్తే 16, 11. పక్షవాతం మాత్రం బైపాస్ వాళ్లకే ఎక్కువ, 100లో 5 మందికి, స్టెంట్ వాళ్లలో 2 నుంచి 3. అప్పటి స్టెంట్ల కంటే ఇప్పటివి మెరుగు. అయినా షుగర్ ఉండి చాలా నాళాలు మూసుకుపోతే డాక్టర్లు ఇప్పటికీ ముందు బైపాస్ గురించే ఆలోచిస్తారు.

మన దగ్గర "ఛాతీ కోస్తరంట" అనే భయంతో చాలామంది స్టెంట్ వైపే మొగ్గుతారు. భయం సహజమే. కానీ యాంజియోగ్రామ్ అయ్యాక టేబుల్ మీద పడుకుని ఉన్నప్పుడే తేల్చేయాల్సిన పని కాదిది, గుండెపోటు ఎమర్జెన్సీ అయితే తప్ప. "ఎన్ని నాళాలు? నాకు షుగర్ ఉంది కదా సార్, బైపాస్ మంచిదా, స్టెంటా?" అని అడగండి. ఆరోగ్యశ్రీలో రెండూ ఉన్నాయి. ఖర్చు భయంతో ఎంచుకోవాల్సిన పని లేదు.

షుగర్ ఎంత ఉండాలి

పరగడుపు షుగర్ ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. మామూలుగా 7 లోపు ఉండాలంటారు. వయసు మళ్లినవాళ్లకు, తరచూ షుగర్ పడిపోయేవాళ్లకు 8 దాకా కూడా డాక్టర్ ఒప్పుకోవచ్చు. మరీ కిందికి దించడమూ మంచిది కాదు. 2008లో అకార్డ్ అనే పెద్ద అధ్యయనంలో 6 లోపుకు తేవాలని మందులు గట్టిగా వాడినవాళ్లలో మరణాలు పెరిగాయి, ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి పక్కింటాయన షుగర్ గోలీ బాగా పనిచేసిందని మీరు అదనంగా వేసుకోకండి.

ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు గురించి డాక్టర్‌ని అడిగి చూడండి. గుండె జబ్బు, షుగర్ రెండూ ఉన్నవాళ్లలో ఇది గుండె సంబంధ మరణాలను 38 శాతం తగ్గించినట్టు 2015లో తేలింది. అప్పట్లో ఖరీదు. 2025 మార్చిలో పేటెంట్ ముగిశాక చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి, ధర బాగా దిగింది. అందరికీ సరిపడదు, మూత్రం దగ్గర ఇన్ఫెక్షన్లు వచ్చేవాళ్లు ముందే చెప్పాలి.

బీపీ 130/80 లోపు. చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, 70 కన్నా తక్కువ, వీలైతే 55 లోపు. సిగరెట్, బీడీ, గుట్కా మానకపోతే పై అంకెలన్నీ సరిగ్గా ఉన్నా లాభం సగమే.

దుకాణాల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. రోజుకు ఐదారు ఇరానీ చాయ్‌లు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు. అన్నం తగ్గించామని చెప్పేవాళ్లు ఈ లెక్క చెప్పరు. చక్కెర లేని చాయ్ అడిగితే మన ఇరానీ హోటళ్లలో ఇబ్బందే, ముందే కలిపి ఉంటుంది కాబట్టి. రెండు చాయ్‌ల దగ్గర ఆగడమే తేలిక. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు, శివరాత్రికి, శ్రావణ శనివారాలకు ఒక్కపొద్దు ఉండేవాళ్లు నెల ముందే డాక్టర్‌ని కలిసి గోలీల వేళలు మార్పించుకోండి. ఉపవాసమని గుండె గోలీ మానేయడం, ఏమీ తినకుండా షుగర్ గోలీ వేసుకోవడం, రెండూ ప్రమాదమే.

నొప్పి లేకుండా వచ్చే గుండెపోటు

చాలా ఏళ్లు షుగర్ ఉంటే నరాలు మొద్దుబారతాయి. గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, కడుపులో వికారం, ఎన్నడూ లేని నీరసం, దవడలోనో భుజంలోనో లాగడం, ఇవే గుర్తులు. షుగర్ పడిపోయినా చెమటలే పడతాయి. అందుకే ఇంట్లో గ్లూకోమీటర్ ఉండాలి. 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర ఇచ్చి, పావుగంటలో మళ్లీ చూడండి. అంకె మామూలుగా ఉండి చెమటలు, ఆయాసం ఉంటే ఇంక ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆటోలో బయల్దేరితే ఎంజే మార్కెట్ రద్దీలో ఇరుక్కుంటారు. 108లో దారిలోనే వైద్యం మొదలవుతుంది.

పథకం నుంచి మీకు రావాల్సినవి

2023 డిసెంబర్ 9 నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలు. స్టెంట్ పడ్డాక డిశ్చార్జ్‌తో కథ అయిపోదు. ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ ఉంటుంది. చూపించుకోవడం, పరీక్షలు, మందులు అందులోకే వస్తాయి. ఇది తెలియక మందులు బయట కొంటున్నవాళ్లు, కొనలేక మానేస్తున్నవాళ్లు ఉన్నారు. స్టెంట్ వేసిన ఆస్పత్రిలోనే ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గరికెళ్లి "ఫాలోఅప్ మందులు కావాలి" అని పేరుపెట్టి అడగండి. డబ్బులు అడిగితే, లేదు పొమ్మంటే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

షుగర్, బీపీ గోలీలు మీ బస్తీ దవాఖానలో ఉచితం. రక్త పరీక్షలకు అక్కడే శాంపిల్ తీసుకుంటారు. గుండెకు సంబంధించి తేడా అనిపిస్తే నాంపల్లి, అబిడ్స్ వాళ్లకు ఉస్మానియా దవాఖాన దగ్గర.

మళ్లీ యాంజియోగ్రామ్ చేయాల్సి వస్తే షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్టు ముందే చెప్పండి. ఆ పరీక్షలో వాడే రంగు మందు కిడ్నీల మీద పడుతుంది, అందుకని కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ గోలీ రెండు రోజులు ఆపిస్తారు. క్రియాటినిన్ రిపోర్ట్ వెంట ఉంచుకోండి.

డిశ్చార్జ్ చీటీ, యాంజియోగ్రామ్ సీడీ, స్టెంట్ వేసిన తేదీ రాసిన కార్డు భద్రంగా పెట్టుకోండి. ఈ పీడీఎఫ్ చదువుతున్న ఫోన్‌లోనే చీటీ ఫొటో తీసి ఉంచుకోండి, ఇంట్లో ఇంకొకరికి పంపించండి. ఆ రాత్రి మా ఇంట్లో చీటీ ఎక్కడుందో చిన్నాయన ఒక్కరికే తెలుసు, ఆయన మాట్లాడే స్థితిలో లేరు.